‘బంతి చేతికి తగిలితే చాలు, ఎటో ఎగిరిపోతోంది సార్!’

ఆటల ఉత్తరాలు
(జవాబులు: కడప జిల్లా హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరైన మన ఆటల మాస్టారు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాలీబాల్ మీదే. పరీక్షలు అయిపోయాయి, సాయంత్రాలు ఖాళీ, ఊళ్లలో నెట్‌లు కట్టారు. అందుకే అయ్యుంటుంది. రాసినవాళ్లలో చాలామందికి స్మాష్ కావాలి. నా జవాబులు మాత్రం తిరిగి తిరిగి రిసీవింగ్ దగ్గరికే, అంటే అవతలివాళ్ల సర్వీస్‌ను సరిగ్గా తీయడం దగ్గరికే వస్తాయి. ముందే చెప్పేస్తున్నా, కోపం తెచ్చుకోవద్దు.

ప్రశ్న: నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో సీనియర్లతో కలిసి కొత్తగా వాలీబాల్ ఆడుతున్నా. రెండు చేతులూ జోడించి కింది నుంచి అండర్‌హ్యాండ్ తీస్తే బంతి వెనక్కో, పక్కనున్న చెట్లలోకో పోతుంది. అవతలివాళ్లు ఏరికోరి నామీదికే సర్వీస్ వేస్తారు. మావాళ్లు తిడతారు. ఇప్పుడు నన్ను వెనక మూలకి నెట్టేశారు, ఒక్కోరోజు అసలు ఆడించరు. చేతులు గట్టిపడాలంటే ఏం చేయాలి సార్?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: చేతులు గట్టిపడాలని రోజూ డిప్స్ తీస్తున్నావేమో నాయనా. తియ్యి, మంచిదే. కానీ నీ బంతి చెట్లలోకి పోవడానికి కారణం చేతుల్లో లేదు, కాళ్లలో ఉంది. కొత్తవాళ్లందరూ చేసే పని ఒకటే. బంతి వచ్చేదాకా నిటారుగా నిలబడి చూస్తారు. అది దగ్గరికొచ్చాక నిలబడిన చోటు నుంచే చేతులు చాపి, పక్కకు వంగి, ఊపి కొడతారు. ఊపితే బంతి నీ మాట వినదు. నువ్వు బంతి కన్నా ముందే దాని కిందికి చేరి ఆగాలి. పరిగెడుతూ తీయకూడదు, ఆగి తీయాలి. ఇది వస్తే సగం ఆట వచ్చినట్టే.

ముందు నిలబడటం చూద్దాం. కాళ్లు భుజాల వెడల్పు కన్నా కాస్త ఎడంగా, ఒక పాదం కొంచెం ముందుకు. మోకాళ్లు వంచు. బరువు మడమల మీద కాదు, మునివేళ్ల వైపు ఉండాలి. చేతులు అప్పుడే జోడించకు. చేతులు కట్టుకుని ఎవడూ పరిగెత్తలేడు. బంతి ఎటు వస్తుందో తెలిసి, అక్కడికి చేరాక జోడించు. రెండు బొటనవేళ్లు పక్కపక్కన సమానంగా ఉండాలి, ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కకూడదు. మణికట్లను కిందికి నొక్కితే మోచేతులు వాటంతట అవే బిగుసుకుంటాయి. అప్పుడు మణికట్టుకీ మోచేతికీ మధ్య, మణికట్టుకు రెండు మూడు అంగుళాల పైన, చదునైన జాగా తయారవుతుంది. బంతి అక్కడ తగలాలి. పిడికిలికి తగిలితే ఎటైనా పోతుంది. చెట్లలోకి పోయేవన్నీ అవే.

బంతిని పైకి లేపేది మోకాళ్లు. వంచిన మోకాళ్లను నెమ్మదిగా లేపుతూ, చేతులను దాదాపు కదలకుండా పెట్టాలి. చేతులు భుజం ఎత్తు దాటి పోతున్నాయంటే ఊపుతున్నావని అర్థం. వేగంగా వచ్చే సర్వీస్‌కైతే ఆ మాత్రం లేవడం కూడా అక్కర్లేదు, చేతులు పెట్టి ఉంచితే చాలు. దిశ మార్చాలంటే చేతుల్ని తిప్పొద్దు, ఎటు పంపాలో అటు వైపు భుజాన్ని కాస్త దించు.

ఇది అలవాటు కావడానికి నేను పిల్లల చేత చేయించిన పనులు చెబుతా. మొదటిది, బంతిని అసలు కొట్టకపోవడం. స్నేహితుణ్ని నెట్ అవతలి నుంచి రెండు చేతులతో విసరమను. నువ్వు పరిగెత్తి, మోకాళ్లు వంచి, బంతిని మోకాళ్ల ఎత్తులో, రెండు కాళ్ల మధ్య పట్టుకో. అంతే. పక్కన పట్టుకుంటే లెక్కలోకి రాదు. నవ్వుతారు, నవ్వనీ. ఒక వారం ఇదే చెయ్యి, కాళ్లు కదలడం మొదలవుతుంది. రెండోది, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చో. ఎదుటివాడు మెల్లగా విసిరిన బంతిని తీస్తూ లేచి నిలబడు. మోకాళ్లతో లేపడం అంటే ఏంటో ఒంటికి అర్థమవుతుంది. మూడోది గోడ. హాస్టల్ వెనక గోడ మీద నీ తల కన్నా ఎత్తులో సుద్దముక్కతో ఒక చదరం గీసి, మూడు మీటర్ల దూరంలో నిలబడి బంతి అందులోనే తగిలేట్టు తీస్తూ ఉండు. దీనికి ఎవరి తోడూ అక్కర్లేదు, ఎవరూ తిట్టరు.

సర్వీస్ వచ్చేటప్పుడు నెట్ వైపు చూడకు, సర్వీస్ చేసేవాడి భుజాన్ని, వాడు బంతి ఎగరేసే తీరును చూడు. ఎటు తిరిగి నిలబడ్డాడో దాదాపు అటే వేస్తాడు. బంతి గింగిరాలు తిరగకుండా ఊగుతూ వస్తుంటే అది ఫ్లోట్. చివరి క్షణంలో పక్కకు జారుతుంది. అలాంటిదాన్ని ఎత్తులో వస్తే రెండు చేతుల వేళ్లతో పైనే తీసుకోవచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. నువ్వు తీసిన బంతి నెట్‌కు ఒక మీటరు ఇవతల, స్మాష్ కొట్టేవాడికి బంతి అందించే లిఫ్టర్ నిలబడే చోట పడాలి. లిఫ్టర్ కదలకుండా స్మాష్‌కి లేపగలిగితే నిన్ను తిట్టే నోళ్లు వాటంతట అవే మూతపడతాయి. ఇంకొకటి: బంతి నీదైతే ‘నాది’ అని గట్టిగా అరువు. ఇద్దరూ మొహాలు చూసుకుని మధ్యలో బంతి వదిలేసిన పాయింట్లే మన ఊరి ఆటల్లో ఎక్కువ.

నీమీదికే సర్వీస్ వేస్తున్నారని బాధపడుతున్నావు. నాకైతే అందులో నష్టం కనిపించలేదు. ఆటలో ఎక్కువ బంతులు తాకేది నువ్వే కదా. ఇక ఆడించడం లేదన్నావు. సాయంత్రం అందరికంటే అరగంట ముందే వెళ్లు. నెట్ నువ్వే కట్టు, బంతిలో గాలి నువ్వే చూడు. ముందొచ్చిన మరొకడితో పాస్‌లు ఆడుతూ ఉండు. రోజూ నెట్ కట్టేవాణ్ని బయట కూర్చోబెట్టడం ఎవరికైనా కష్టమే!

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా స్కూల్ టీమ్‌లో కొత్తగా చేరాను. నా సర్వీస్ నెట్ దాటదు. దాటిన రోజు బయట పడుతుంది. పైనుంచి కొట్టే సర్వీసే చేయాలని అక్కావాళ్లు అంటున్నారు. మ్యాచ్‌లో నా వంతు వస్తుందంటేనే టెన్షన్.
– ఒక విద్యార్థిని, ఆదోని

జవాబు: తల్లీ, కింది నుంచి కొట్టే సర్వీస్‌కి నామోషీ ఏమీ లేదు. పాయింటు పాయింటే. ఎండ్ లైన్ నుంచి నెట్‌కు 9 మీటర్లు, ఆడవాళ్ల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. నీ వయసుకు ఒక్కసారిగా అంత దూరం కష్టం. అందుకని నెట్‌కు నాలుగైదు మీటర్ల దగ్గర మొదలుపెట్టు. పది కొడితే ఏడెనిమిది దాటుతున్నాయనుకో, ఒక అడుగు వెనక్కి వెళ్లు. అక్కడా అంతే. ఎండ్ లైన్ చేరడానికి నెల పట్టినా తొందర లేదు.

కుడిచేతి వాటమైతే ఎడమకాలు ముందు. బంతిని ఎడమ అరచేతిలో నడుము ఎత్తులో పట్టుకుని, జానెడు మాత్రం పైకి వదిలి, కుడి అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో కింద నుంచి కొట్టు. బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి రావాలి. చేతి బలం కన్నా ఆ అడుగే బంతిని దాటిస్తుంది.

అది కుదిరాక పై సర్వీస్. నూటికి తొంభై తప్పులు ఎగరేయడంలోనే ఉంటాయి. కొన్నాళ్లు బంతిని కొట్టకు, ఎగరేసి కింద పడనివ్వు. ముందున్న కాలి వేళ్లకు కాస్త ముందు, కుడి భుజానికి సూటిగా పడాలి. తల వెనక పడితే కొట్టిన బంతి గాల్లోకి లేచి బయటికి పోతుంది, మరీ ముందు పడితే నెట్‌కు తగులుతుంది. నీ రెండు బాధలకూ మందు ఒకటే అన్నమాట. ఎత్తు కూడా చేయి చాపితే అందేదాని కన్నా కొంచెం పైకి చాలు. ఆకాశానికి విసిరితే మీ ఆదోని గాలికి ఎక్కడ దిగుతుందో ఎవరికీ తెలియదు. మోచేయి చెవి పక్కకు ఎత్తి, అరచేతి గట్టి భాగంతో బంతి నడిమధ్య కొట్టు.

గాలి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆషాఢం గాలి మన సీమలో, ముఖ్యంగా అనంతపురం వైపు, ఎంత గట్టిగా వీస్తుందో అక్కడి గాలిమరలను చూస్తే చాలు. ఎదురుగాలి ఉన్న వైపు నుంచి ధైర్యంగా గట్టిగా కొట్టవచ్చు, బంతి ముందే దిగిపోతుంది. గాలి వీపున తగిలే వైపు మెత్తగా వెయ్యి. సెట్‌కు ఒకసారి సైడ్ మారతారు, ఆఖరి సెట్‌లో 8 పాయింట్ల దగ్గర మారతారు, కాబట్టి రెండు వైపుల నుంచీ ప్రాక్టీస్ ఉండాలి.

టెన్షన్ గురించి. రిఫరీ విజిల్ వేశాక 8 సెకన్ల టైముంది. అందరూ ఆ సంగతి మరిచి విజిల్ మోగగానే కొట్టేస్తారు. బంతిని రెండుసార్లు నేలకు తట్టు, ఊపిరి వదులు, ఎదుటి కోర్టులో ఒక ఖాళీ చూసుకో, అప్పుడు వెయ్యి. కానీ సర్వీస్ కోసం ఒకసారి ఎగరేశాక మాత్రం కొట్టాల్సిందే. వదిలేసి మళ్లీ ఎగరేస్తానంటే కుదరదు.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. వాలీబాల్ ఆడి వస్తే ముంజేతులు ఎర్రగా కంది, చుక్కలు చుక్కలుగా కనిపిస్తున్నాయి. మా అత్తగారు ఆడపిల్లకు ఈ ఆటలేంటని గొడవ. మాన్పించాలా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మాన్పించకండి. కొత్తలో అలా కందడం మామూలే. సన్నటి రక్తనాళాలు చిట్లి ఆ చుక్కలు వస్తాయి, రెండు మూడు రోజుల్లో పోతాయి. చన్నీళ్ల గుడ్డ పెట్టండి. ఆడేటప్పుడు మోచేతుల దాకా పాత సాక్సులు, పాదం భాగం కత్తిరించి, తొడగండి. ఎముక మీద నొప్పి, వాపు తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

నాకు అనుమానం బంతి మీద. స్కూళ్లలో బంతిని సైకిల్ షాపుకు తీసుకెళ్లి టైరుకు కొట్టినట్టు గాలి కొట్టించి తెస్తారు. వాలీబాల్ లోపల ఉండాల్సిన గాలి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలే, అంటే నాలుగున్నర పీఎస్‌ఐ దగ్గర. మీటరు లేకపోతే బొటనవేళ్లతో నొక్కి చూడమనండి, కొద్దిగా లోపలికి దిగాలి. రాయిలా ఉంటే గాలి తీసేయాలి. బరువు 260 నుంచి 280 గ్రాములు. తోలు ఊడి, తడిసి బరువెక్కిన పాత బంతులు చిన్నపిల్లలకు అసలు ఇవ్వకూడదు. పీఈటీని అడగండి, తప్పేమీ లేదు. నన్ను ఎవరూ అడగకపోతేనే నాకు బాధగా ఉండేది.

మీ అత్తగారికి పి.వి. సింధు తెలిసే ఉంటుంది. ఆ అమ్మాయి తల్లి విజయ గారు వాలీబాల్ క్రీడాకారిణే. తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. ఈ మాట టీ తాగేటప్పుడు మెల్లగా చెప్పండి, గొడవ పడుతూ చెప్పొద్దు.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఇంటర్ చదువుతున్నా. స్మాష్ కొట్టాలని పిచ్చి. నెట్ మీద చేయి రావడమే కష్టంగా ఉంది. ఎగరడం పెంచుకుంటే సరిపోతుందా, ఆట మార్చుకోనా?
– ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: మగవాళ్ల నెట్ 2.43 మీటర్లు, దాదాపు 8 అడుగులు. నీ ఎత్తు వాడు చేయి చాపితే ఏడడుగుల దగ్గర ఆగుతాడు. బంతిని నెట్ పైన కొట్టాలంటే రెండడుగుల దాకా ఎగరాలి. అసాధ్యమని అనను, కానీ బ్లాక్‌కు, అంటే నెట్ దగ్గర ఎగిరి నీ స్మాష్‌ను అడ్డుకోవడానికి, ఆరడుగులవాడు నిలబడితే ఏం చేస్తావో ఆలోచించుకో.

అయినా నేర్చుకో. మంచి ఆటగాడికి అన్నీ రావాలి. కుడిచేతివాడివైతే అడుగులు ఎడమ, కుడి, ఎడమ. మొదటిది నెమ్మది, చివరి రెండూ ఒకదాని వెంట ఒకటి టకటకా పడాలి. ఆ చివరి రెండడుగులప్పుడు చేతులు వెనక్కి పోయి, ఎగిరేటప్పుడు ముందుకూ పైకీ లేవాలి. లిఫ్టర్ చేతి నుంచి బంతి వదలక ముందే పరిగెత్తడం కొత్తవాళ్ల జబ్బు. పరిగెత్తి బంతి కిందికి పోతారు, అప్పుడు కొట్టడానికి ఏమీ మిగలదు. బంతి నీ ముందు, కొట్టే భుజానికి ఎదురుగా ఉండాలి. మొదట బంతి లేకుండా అడుగులు నేర్చుకో, తర్వాత నెట్‌ను ఒక అడుగు దించి ఆడు. దిగేటప్పుడు రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి దిగు.

కానీ నాయనా, నా సలహా అడిగితే నిన్ను లిబరోగా చూస్తున్నా. వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక వరసలో మాత్రమే ఆడేవాడు లిబరో. 1998 నుంచి అంతర్జాతీయ ఆటలో ఉన్నాడు. బ్లాక్ చేయకూడదు, నెట్ కన్నా ఎత్తులో ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు. అంటే ఎత్తుతో పనే లేని చోటు. నేలకు దగ్గరగా ఉన్నవాడికి అక్కడ లాభం కూడా. ఊళ్లో టోర్నమెంట్లలో స్మాష్ కొట్టేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. సర్వీస్ తీసి లిఫ్టర్ నెత్తిన పెట్టేవాడి కోసం టీమ్‌లు పక్క మండలాల నుంచి మనుషుల్ని పిలిపించుకుంటాయి, బస్ చార్జీలిచ్చి మరీ. పైన అనంతపురం అబ్బాయికి రాసిందంతా నువ్వూ చదువు.

ప్రశ్న: వయసు 40 దాటింది, కర్నూలులో ఉద్యోగం. ఆఫీసు వాళ్లం సాయంత్రాలు ఆడుతున్నాం. మొన్న బంతి వేలి కొసకు తగిలి వాచింది. తోటి ఆటగాడు పట్టి లాగాడు, ఇంకా నొప్పి. మోకాళ్లు కూడా పట్టేస్తున్నాయి.
– ఒక ఉద్యోగి, కర్నూలు

జవాబు: వేలు లాగడం మన గ్రౌండ్లలో పాత దురలవాటు. ఇంకెప్పుడూ లాగనివ్వకండి. దెబ్బ తగలగానే ఉంగరం ఉంటే తీసేసి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, పక్క వేలితో కలిపి టేపు చుట్టాలి. వేలి కొస వంచలేకపోతున్నా, చాపలేకపోతున్నా ఎక్స్‌రే తీయించండి, ఆలస్యం చేస్తే కొస వంగిపోయి ఉండిపోవచ్చు. బంతి వేళ్లతో తీసేటప్పుడు చేతులు నుదుటి ముందు బంతి ఆకారంలో ముందే తెరిచి ఉంటే, కొసలకు తగలడం తగ్గుతుంది.

మోకాళ్లకు: సిమెంటు నేల మీద ఎగరొద్దు. ఆఫీసు చెప్పులు విప్పి నేరుగా కోర్టులోకి దిగొద్దు, పది నిమిషాలు ఒళ్లు వేడెక్కనివ్వండి. ఒకరోజు ఆడితే ఒకరోజు విశ్రాంతి. నెట్ దగ్గర ఎగిరే పని కుర్రాళ్లకు వదిలి మీరు లిఫ్టింగ్ నేర్చుకోండి. నలభై తర్వాత గౌరవం ఉన్న ఉద్యోగం అదే!

ప్రశ్న: మా ఊళ్లో పంచాయతీ స్థలంలో కోర్టు వేసుకుంటున్నాం. నల్లరేగడి నేల. కొలతలు, జాగ్రత్తలు చెప్పండి.
– యువకులు, ఎమ్మిగనూరు దగ్గర

జవాబు: 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. గీతల వెడల్పు కూడా ఈ కొలతలోపలే. నెట్ కింద మధ్య గీత, అక్కడి నుంచి రెండు వైపులా 3 మీటర్ల దగ్గర అటాక్ లైన్. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో చూడాలంటే సగం కోర్టుకు మూల నుంచి మూలకు తాడు పట్టండి, 12 మీటర్ల 73 సెంటీమీటర్లు రావాలి. రెండు వైపులా అంతే వస్తే చదరం సరిపోయినట్టు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ వదలండి.

నల్లరేగడి వానకు కాళ్లకు అంటుకుంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నెర్రెలో పాదం పడిందంటే మడమ పోతుంది. పైన ఎర్రమట్టి, సన్న ఇసుక కలిపి జానెడు పోసి, నీళ్లు చల్లి రోలర్ తిప్పండి. గరుకు గరప మాత్రం పోయొద్దు, పడితే మోకాలి చర్మం మిగలదు. అలాంటి నేల మీద డైవ్‌లు కొట్టకండి, ఎంత ఉత్సాహమున్నా. మన వైపు నెట్‌కు రాతికూసాలు పాతేస్తారు, చౌకని. పాతితే సైడ్ లైన్‌కు అర మీటరు నుంచి మీటరు బయట పాతి, మనిషి ఎత్తు వరకు గోనెసంచులు దట్టంగా చుట్టండి. బోరు కేసింగ్ పైపులు దొరికితే ఇంకా మంచిది. నెట్ ఎత్తు కొలిచేది మధ్యలో, కూసాల దగ్గర కాదు. వేసవిలో ఆట పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత. నీళ్ల కుండ కోర్టు పక్కనే ఉండాలి.

ప్రశ్న: సర్వీస్ నెట్‌కు తగిలి అవతల పడింది. మేం ఫాల్ట్ అన్నాం, వాళ్లు పాయింట్ అన్నారు. కోడి పలావు పందెం. ఎవరిది న్యాయం?
– మైదుకూరు మిత్రబృందం

జవాబు: పాతికేళ్ల కిందటి వరకు మీ మాటే చెల్లేది. ఇప్పుడు రూల్ మారింది, నెట్‌కు తగిలినా అవతలి కోర్టులో పడితే సర్వీస్ మంచిదే. పలావు వాళ్లకు పెట్టండి.